ప్రభుదాస్ చూపించిన కొండ

నిన్న పొద్దున్న లారీలోంచి ఉల్లిపాయ బస్తాలు దింపిస్తుంటే ఫోన్ వచ్చింది.

ఏలూరు నుంచి శాంతమ్మ గారు. మా ప్రభుదాస్ భార్య.

"అన్నయ్యగారూ, ఆయన లేవట్లేదండీ. ఎంత పిలిచినా పలకట్లేదండీ."

ఆ తర్వాత ఆవిడ ఏం చెప్పారో నాకు గుర్తు లేదు. షాపు ఎవరికి అప్పగించానో కూడా గుర్తు లేదు. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా కారులో వాణ్ని తిట్టుకుంటూనే వెళ్లాను.

ఇంత తొందరేమిట్రా నీకు?

ప్రభుదాస్ నా స్కూల్ ఫ్రెండ్. ఏలూరులో ఒక కాలేజీలో జియాలజీ లెక్చరర్. కొల్లేరు చుట్టుపక్కల ఎంత తవ్వినా మట్టే గానీ రాయి తగలదు, ఇక్కడ నీ జియాలజీ ఎవరికిరా అని జీవితమంతా వెక్కిరించాను.

"చేపలు లేని ఊళ్లో వాళ్లు చేపలు తినట్లేదేంట్రా?" అనేవాడు.

కొండలు ఎలా పుట్టాయో వాడు నాకు మా షాపులోనే చూపించాడు. ఖాళీ గోనె సంచులు ఒకదాని మీద ఒకటి పేర్చి, రెండు వైపుల నుంచీ మెల్లగా నెట్టాడు. మధ్యలో సంచులన్నీ కలిసి పైకి లేచి ముడత పడ్డాయి.

"భూమి లోపల వేడిగా ఉంటుంది రా. అక్కడ కోట్ల ఏళ్లు ఇలా నెమ్మదిగా నెడితే రాయి కూడా విరగదు, వంగుతుంది."

ఇంకా నెట్టాడు. ముడత ఒక పక్కకి ఒరిగిపోయింది. అడుగు సంచి జారి పై సంచి మీదికి ఎక్కేసింది.

"ఇక వంగలేనప్పుడు తెగుతుంది. ఏటవాలుగా తెగి, అడుగునున్న పాత రాయి పైనున్న కొత్త రాయి మీదికి ఎక్కుతుంది. దాన్నే థ్రస్ట్ ఫాల్ట్ అంటారు."

బేరానికి వచ్చిన వాళ్లు కూడా బేరం మానేసి చూశారు. నాకు ఒళ్లు మండింది.

వచ్చే ఏడాది నుంచి వాడి కోర్సు లేదు. చేరేవాళ్లు లేరని ఎత్తేస్తున్నారు. ఇప్పుడున్నదే లాస్ట్ బ్యాచ్.

అంతా డెల్టా పిల్లలే. మీ ఊరి రాయి ఒకటి తెమ్మంటే, అందరూ రైలు పట్టాల పక్కన కంకర ఏరుకొచ్చారట! వాడు ఎవరినీ కోప్పడలేదు. కానీ ఆ సాయంత్రం నాకు ఫోన్ చేశాడు. గొంతులో జీవం లేదు.

"ఒక్క కొండనైనా ముట్టుకోకుండా డిగ్రీ పట్టుకుపోతారు రా వీళ్లు. వీళ్ల తర్వాత నాకు చెప్పడానికి ఎవరూ ఉండరు. నీ వ్యాన్ ఇస్తావా?"

వాడి గుండె బాగా లేదు. మెట్లు కూడా ఎక్కొద్దన్నారు డాక్టరు గారు. అయినా వింటేగా, మొండిఘటం. కిందటి వారం నేనే పక్కన కూర్చుని, అందరినీ పల్నాడు వైపు తీసుకెళ్లాను.

కొండ మొదట్లోనే ఆయాసం వచ్చి ఆగిపోయాడు. ఒక బండ మీద కూర్చోబెట్టాను. పిల్లల్ని మాత్రం పైకి పంపాడు. అరిచే ఓపిక లేదు, చేత్తో దారి చూపిస్తున్నాడు.

కొల్లేరు లంకల్లోంచి వచ్చిన దివ్య అనే అమ్మాయి, రెండు రకాల రాళ్లు కలిసే చోట ఆగింది. కింద సున్నపురాయి మీద ఒక చెయ్యి, పైరాయి మీద ఇంకో చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. తర్వాత ఒక్కసారిగా కేక పెట్టింది.

"సార్! పైరాయంతా ముడతలేనండీ, కిందది అంత నలగలేదండీ! పైదే పాతదండీ, ఎక్కడి నుంచో జరిగొచ్చి దీని మీదెక్కిందండీ!"

ప్రభుదాస్ ఏడ్చేశాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, వాడు నా ముందు ఎప్పుడూ ఏడవలేదు.

"చాలు రా. ఒక్కరికి కనపడింది" అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకు రాయి మీద రాయి తప్ప ఏమీ కనపడలేదు. నేను వాడి మొహమే చూస్తూ ఉండిపోయాను.

నిన్న సాయంత్రం సమాధుల తోటకి దివ్య వచ్చింది. అందరూ వెళ్లిపోయాక నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"అంకుల్, నేను ఎమ్మెస్సీ కూడా ఇదే చదువుతానండీ. ఆ మాట సార్‌తో ఫోన్లో కాదు, సోమవారం క్లాసులో చెప్దామని ఆగానండీ."

ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి నిలబడ్డాను, అంతే.

ఒరేయ్ ప్రభూ...

ఆ అమ్మాయి చదువుతుందట రా.

ఇక పడుకో. అక్కడైనా ఆయాసం లేకుండా, ప్రశాంతంగా ఉండు.