సొకనోష్ వేసిన దడి

మా ఉప్పుటేటి ఒడ్డున పుట్టి, అదే ఒడ్డున ముసలిదైపోయిన సొకనోష్ ఒకరు చెబితే వినే మనిషి కాదు. పెళ్లయ్యాక మొగుడే ఆమె గుడిసెకి వచ్చాడు తప్ప ఆమె అతని ఊరు వెళ్లలేదు. అత్తగారు కబురు మీద కబురు పెడితే, నా చేను లేచి నడిచొస్తే దాని వెనకాలే నేనూ వస్తానని చెప్పించింది. మాలో చేలు ఆడవాళ్లవి. మగవాళ్లు వేటకి, చేపలకి పోతారు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి, ఒడ్డున బురదలో దొరికే గుల్లలు ఆడవాళ్ల సొత్తు. వాటి జోలికొస్తే సొకనోష్ సొంత తమ్ముణ్ణి కూడా వదిలిపెట్టేది కాదు.

ఒంటి నిండా కోట్లు తొడుక్కుని ఓడల్లో దిగిన తెల్లవాళ్లని మేము కోటువాళ్లంటాం. వాళ్లు వచ్చిన కొత్తలో ప్రౌట్ అనేవాడు పెళ్లాంతో సహా ఆమె గుమ్మంలో వచ్చి పడ్డాడు. ఆ చలికాలం వాళ్ల దగ్గర తినడానికి గింజ లేదు. సొకనోష్ తన పాతర తెరిచి, చాప తొలగించి, ఇదిగో ఇక్కడుంది, ఆకలేసినప్పుడు తీసుకోండి అని చూపించింది. మాలో అతిథికి తిండి ఎక్కడుందో చూపించకపోతే మర్యాద కాదు. వసంతం వచ్చాక, రెండు పాయల మధ్య సముద్రంలోకి చొచ్చుకుపోయిన మిట్టని దున్నుకోమని ఇచ్చింది. ఇవ్వడమంటే వండుకుని తినమని, ఇరుగూ పొరుగూగా ఉండమని. నేలని మూటగట్టి ఎత్తుకుపొమ్మని ఎవరైనా అంటారా? ప్రౌట్ మాత్రం మూట కట్టేసుకున్నాననే అనుకున్నాడు.

తరవాత పందులొచ్చాయి. కోటువాళ్లు పందుల్ని పెంచరు, వదిలేస్తారు. పొద్దున లేచి వాటి మానాన అవి పోయి, ఎవరి సొమ్మో తిని, సాయంత్రానికి వాళ్ల సొమ్మై ఇంటికొస్తాయి. సముద్రం నీళ్లు వెనక్కి తీసిన వేళకి మా ఆడవాళ్లకంటే ముందే బురదలోకి దిగి, మూతితో కుళ్లగించి గుల్లలన్నీ మింగేసేవి. విత్తనాలప్పుడు మేము ప్రతి మొక్కజొన్న కుదురు కిందా ఏటి చేపని ఎరువుగా పాతిపెడతాం. ఆ వాసనకి వచ్చి కుదుళ్లు పెళ్లగించి, చేపతోపాటు గింజనీ తినేసేవి. చివరికి పాతరలు కూడా కనిపెట్టాయి. తమకి తిండి పెట్టిన పాతర ఏ చెట్టు కిందుందో ప్రౌట్ పెళ్లానికి తెలిసినట్టే, ఆమె పందులకీ తెలిసిపోయింది.

సొకనోష్ వెళ్లి చెప్పింది. ప్రౌట్ నవ్వాడు. మళ్లీ వెళ్లి చెప్పింది. పంది నోరులేని జంతువు, దానికేం తెలుసన్నాడు. నోరు లేకుండానే ఇంత తింటోందా అని అడిగి ఇంటికొచ్చేసింది. మర్నాడు నీళ్లు తీసిన వేళకి కర్ర పట్టుకుని బురదలోకి దిగి, అందరికంటే బలిసిన పందిని తలమీద ఒక్కటేసి పడగొట్టింది.

ఇక్కడే ఆమె మా వాళ్లు మాత్రమే చెయ్యగలిగిన పొరపాటు చేసింది. మాలో వేటాడిన జంతువు ఒకరి నేల మీద పడితే, ఆ నేల గలవాళ్లకి ముందుకాలి జబ్బ దక్కాలి. ఆ లెక్క ప్రకారం జబ్బ కోసి తను ఉంచుకుంది. మిగతాదంతా శుభ్రంగా కడిగి, ఆకుల్లో చుట్టి, ఇద్దరు ఆడవాళ్ల చేత మోయించి ప్రౌట్ గుమ్మంలో పెట్టించింది. పెంచినవాడి వాటా పెంచినవాడికి ఇచ్చేశాను, తగువు తీరిపోయింది అనుకుని ఆ పూట హాయిగా నిద్రపోయింది.

మూడోనాడు కోటువాళ్ల పెద్దలు పిలిపించారు. వాళ్ల మాటలు తెలిసిన తమ్ముడు పనుప్ వెంట వెళ్లాడు. వాళ్ల దగ్గర కొన్నాళ్లు కూలి చేసి, వాళ్ల కోపం ఎలా ఉంటుందో దగ్గర్నించి చూసినవాడు. దారి పొడుగునా బతిమాలుతూనే ఉన్నాడు.

"అక్కా, నీకు పుణ్యముంటుంది, అక్కడ కాస్త తల వంచుకో. నీ నోటికి మేమందరం బలైపోతాం."

"తల వంచేది విత్తనం పెట్టేటప్పుడేరా. పద."

సభలో పెద్దలు చెప్పింది పనుప్ ముక్కలు ముక్కలుగా అప్పగించాడు. చేనుకి కంచె లేకపోతే, అందులో పడి తిన్న పందిది తప్పు కాదు, పంది గలవాడిదీ కాదు. విత్తనాల వేళకల్లా కంచె వెయ్యాలి. వెయ్యకపోతే ఆ నేల ఎవరూ సాగు చెయ్యనిదని తేల్చి, చెయ్యగలవాడికి ఇచ్చేస్తారు. చెయ్యగలవాడు ఎవరో చెప్పనక్కర్లేదు, ప్రౌట్ మొదటి వరస బల్ల మీదే కూర్చున్నాడు. కంచె వేశాక మాత్రం దాన్ని న్యాయం కాపాడుతుంది. దాన్ని పీకినవాడు ఎంతటివాడైనా, కోటువాడైనా సరే, కొరడాదెబ్బలు తింటాడు.

గుల్లలుండే బురదకి కంచె ఎలా వెయ్యాలి, సముద్రానికి ముందు మీరు వేసి చూపిస్తారా అని సొకనోష్ అడిగింది. పనుప్ ఆ మాట చెప్పడానికి నీళ్లు నమిలాడు. చెప్పక తప్పలేదు. పెద్దలు నవ్వారు.

ఆ నవ్వు ఆమెకి కారం రాసినట్టయింది. తిరిగొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా చేను చుట్టూ నడిచింది. ఒడ్డు వెంబడి వంకరలు తిరిగిన చేను అది. దుంగలు నరికి, చీల్చి, చుట్టూ పాతాలంటే ఇనప గొడ్డళ్లు కావాలి, ఎడ్లు కావాలి, ఊళ్లో మగవాళ్లందరూ వేట మానుకోవాలి. ఇవన్నీ లేవని తెలిసే వాళ్లు గడువు పెట్టారు. అమ్మమ్మ తవ్విన నేల, అమ్మ తవ్విన నేల, వచ్చే వెన్నెల దినాల్లో ప్రౌట్‌ది కాబోతోంది. ప్రౌట్‌కి ఇచ్చిన మిట్ట మొదట్లో, రెండు పాయలూ దగ్గరికొచ్చే సన్నని మెడ దగ్గర ఆగి చాలాసేపు అటూ ఇటూ చూసింది. తరవాత నవ్వుకుంటూ ఇంటికొచ్చింది.

మర్నాడు ఊరి ఆడవాళ్లందర్నీ పిలిచింది. వాగులో చేపలు పట్టడానికి పుల్లలు పాతి, కొమ్మలు అల్లి దడి కట్టడం మాకు చిన్నప్పట్నించీ వచ్చిన పని. ఆ దడినే మెడకి అడ్డంగా, తన వైపు నేల మీద కట్టించింది. పుల్లలు లోతుగా దించి, మొదట్లో రాళ్లు పేర్చి, రెండు కొసలూ పాయల్లోకి, నీళ్లు తీసినా పంది దిగలేనంత లోతుదాకా లాగారు. మనిషి కాలెత్తి దాటొచ్చు, పంది దాటలేదు. విత్తనాల వేళకి ముందే పని అయిపోయింది.

ప్రౌట్ గొడ్డలి పట్టుకుని వచ్చాడు. నన్ను పందులతో సహా లోపల పెట్టేసిందని అరిచాడు. పీకినవాడికి కొరడాదెబ్బలని పెద్దలన్న మాట పనుప్ వాళ్ల భాషలోనే, ఎంతో వినయంగా గుర్తు చేశాడు. అక్క పోలిక కాస్త వాడిలోనూ ఉంది. పెద్దలు వచ్చి చూశారు. దడి ఎవరి నేల మీదుందో కొలిచారు. కంచె వెయ్యమన్నది తామే కాబట్టి, టోపీలు సర్దుకుని వెళ్లిపోయారు.

మా కుదుళ్లు ఆ ఏడు చెక్కుచెదరకుండా లేచాయి. అవతల మిట్ట ఒడ్డంతా రాయే, పందులకి గుల్లలు లేవు, చేపలు లేవు, పాతరలు లేవు. ఉన్నదల్లా ప్రౌట్ తన రొట్టెల కోసం రై గింజ వేసిన చేను. పందులెలాగూ మా ఒడ్డుకే పోతాయి కదా అని ఇన్నాళ్లూ అతను తన చేనుకి కంచె వెయ్యడానికి బద్ధకించాడు. రై వెన్ను తీసే రోజుల్లో అవి ఆ చేలో పడ్డాయి.

సొకనోష్ పెద్ద గుల్లని కర్రకి కట్టిన పారతో కుదుళ్లకి మట్టి ఎగదోస్తుంటే ప్రౌట్ వచ్చి దడి అవతల నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. దడి కాస్త తెరవమని, పందుల్ని ఒడ్డుకి పోనివ్వమని, లేకపోతే ఈ చలికాలానికి తనకి గింజ మిగలదని, ఆమె ఇంట్లో తింటూ నేర్చుకున్న మా మాటల్లోనే అడిగాడు.

ఆమె పార ఆపకుండానే జవాబిచ్చింది.

"నీ చేనుకి కంచె ఉందా ప్రౌట్?"

అతను వెనక్కి తిరిగి, పందులు పడి తింటున్న తన చేను వైపు చూశాడు.

"లేకపోతే పందిది తప్పు కాదు. వెళ్లి మీ పెద్దల్ని అడుగు."