కాటా ఎక్కిన ఉప్పు లారీ

అరవై దాటాక కంప్యూటర్ నేర్చుకుని, నౌపడలో మా బావ ఉప్పు లారీలు తూచే కాటాకి ప్రోగ్రాం మొత్తం నేనొక్కడినే రాశాను! రెండువేల పన్నెండు నాటి మాట.

ప్రారంభం రోజున బావ తోటి వ్యాపారులందరినీ పిలిచి, "మా బావ సేసినాడు" అని గొప్పగా చెప్పుకున్నాడు. మానిటర్‌కి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మొదటి లారీని కాటా ఎక్కించాం. బరువు రాగానే ఏదో తప్పు చూపించి ప్రోగ్రాం మూసుకుపోయింది. మళ్ళీ నడిపినా అంతే.

"ఏటి బావా, ఇంతమందిలో నా పరువు తీసేత్తావా?" అన్నాడు బావ. వెనక నవ్వులు మొదలయ్యాయి.

ఇక నిజం చెప్పేస్తాను. నేను రాసింది సగమే, మిగతా సగం బావ కూతురిది. ఆమెకే ఫోన్ చేశాను.

"మావయ్యా, ప్రోగ్రాం లోపల పనోళ్ళలాంటివే థ్రెడ్లంటే. కాటా నుంచి బరువు తెచ్చే థ్రెడ్డు వేరు, తెరని సూసుకునే థ్రెడ్డు వేరు. తెచ్చినోడు తిన్నగా తెర మీద సెయ్యెట్టకూడదు. తెర సూసుకునేవోడికి అందించాల, ఆడే రాస్తాడు" అంది.

ఆమె చెప్పినట్టు ప్రోగ్రాంలో ఒక్క వరుస మార్చాను. తెర మీద బరువు నిలిచింది! ఇప్పటికీ రైల్లో నౌపడ దాటుతుంటే ఆ అంకె కళ్ళ ముందు మెరుస్తుంది. బరువు నిలిచిన ఆ క్షణాన ఉప్పుగాలికి నా కళ్ళు కాస్త చెమర్చాయి.

ఇది చదివి బావ అన్నాడు: "ఉప్పుగాలేటి బావా? ఎక్కెక్కి ఏడిసినావు. నా తువ్వాలంతా తడిసిపోనాది."