పేరు పెట్టి చేసిన ప్రార్థన

ఏళ్ల తరబడి ఒక మాట నాలోనే దాచుకున్నాను. మా పాస్టరుగారికీ చెప్పలేదు, నా భర్తకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

యూనివర్సిటీ హాస్టల్లో నా రూమ్మేట్ కర్నూలు వైపు అమ్మాయి. కొట్టే భర్తను వదిలి, అత్తింటివాళ్లకు జాడ తెలియకుండా వచ్చి పీహెచ్‌డీలో చేరింది. అలమరలో పై అర ఆమె వెంకటేశ్వరస్వామిది, కింది అర నా బైబిలుది. నేను మోకరిస్తే ఫోన్లో పాటలు ఆపేసేది. ఆమె ప్రసాదం నేను ముట్టేదాన్ని కాదు. ఏమీ అనుకునేది కాదు. నాకు జ్వరమొస్తే తార్నాక దాకా నడిచి ఇడ్లీ తెచ్చేది. ఒకరోజు వీపు మీది మచ్చలు చూపించి, "మీ దేవుని సంగతి నాకు తెలీదు మే. నిన్ను మాత్రం నమ్ముతా. ఎవురికీ చెప్పొద్దు," అంది.

ఆ ఆదివారం సీతాఫల్‌మండిలో ఒక ఆంటీగారింట్లో ప్రార్థన కూడిక. ఎవరి కోసం ప్రార్థించాలో మనవులు చెప్పమని అడిగారు. "నా స్నేహితురాలు కష్టంలో ఉంది" అన్నాను. అక్కడితో ఆపి ఉండవచ్చు. "పేరు చెప్పమ్మా, పేరు పెట్టి ప్రార్థిద్దాం," అన్నారు ఆంటీ. చెప్పాను. పేరు, ఊరు, డిపార్ట్‌మెంటు, మొగుడి సంగతి, అన్నీ. ఆమె మేలు కోరే చెప్పానా? లేక మా మతం కాని ఒక అన్యురాలు నన్నింతగా నమ్మిందని అందరి ముందూ చూపించుకోవాలనా? వాళ్లు ఆమె కోసం కన్నీళ్లు పెడుతుంటే నా లోపల ఎంత హాయిగా ఉందో, అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

కూడికలో ఒకాయనకు ఆ ఊళ్లో బంధువులున్నారు. సంసారం నిలబెడదామని వాళ్ల ద్వారా ఆమె భర్తకు కబురు పంపాడట. ఒక మధ్యాహ్నం భర్త, అతని అన్నలు హాస్టల్ గేటు దగ్గర నిలబడి ఆమెను నోటికొచ్చినట్టు తిట్టారు. క్యాంపస్ అంతా చూసింది. ఇంకా అల్లరి కాకూడదని ఆమె వాళ్లతో వెళ్లడానికి ఒప్పుకుంది.

బట్టలు సర్దుకుంటూ అడిగింది.

"నువ్వేమన్నా ఎవురితోనన్నా చెప్పినావా?"

"లేదు. దేవుని తోడు."

"తెలుసులే. నువ్వు చెప్పవు," అని నా చెయ్యి నొక్కి కిందికి దిగింది.

చదువు అక్కడితో ఆగిపోయింది. తర్వాత అతన్ని మళ్లీ వదిలేసింది, కానీ అప్పటికే ఒక చెవి పోయింది. ఇప్పుడు నంద్యాలలో పిల్లలకు ట్యూషన్లు చెబుతోంది. క్రిస్మస్‌కు తనే ఫోన్ చేస్తుంది. "గట్టిగా మాట్లాడు మే, వినపడదు," అంటుంది. గట్టిగానే మాట్లాడతాను. పిల్లల గురించి, ఎండల గురించి.

దేవునితో ఎన్నోసార్లు ఒప్పుకున్నాను. అది తేలిక. ఆయనకు ముందే తెలుసు. ఆమెకు తెలియదు. చెబితే నా బరువు దిగుతుంది, కానీ ఆమెకు మిగిలిన ఒక్క స్నేహం పోతుంది. ఇదైనా నిజమేనా, లేక ఇదీ నా పిరికితనమేనా?

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇవ్వగలిగేది కాదు. ఆమె గుట్టు బయటపెట్టింది నేను. దేవుని మీద దొంగ ఒట్టు వేసిందీ నేనే. ఈ రెండు వాక్యాలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. ఇప్పుడు ఊపిరి కొంచెం ఆడుతోంది.