కత్తిరించిన దగ్గు

పాత కంప్యూటర్‌ని అటక మీద నుంచి దించిన ఆదివారం మా ఇంట్లో అందరం తుమ్మాం. పక్క రేకు ఊడదీసి నోటితో ఊదితే లోపలి నుంచి ఎర్రటి దుమ్ము లేచింది. పాటల షాపు మూసేశాక దాన్ని మిరపకాయల గోతాల పక్కన పెట్టి మర్చిపోయాను. ఆ దుమ్మంతా లోపలి చిన్న ఫ్యాను రెక్కలకి పట్టుకుని, అది తిరగడం మానేసింది. మా ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యమని ఎన్నిసార్లు మొత్తుకున్నానో" అంది. ఇవ్వకపోవడం నా ముందుచూపేమీ కాదు, బద్ధకం. ఈ ఒక్కసారికి అది అక్కరకొచ్చింది.

అంతకు కొన్ని రోజుల ముందు మా మేనకోడలు ఫోన్ చేసింది. చనిపోయిన మా అక్కకి ఒక్కతే కూతురు, తల్లి పోయేనాటికి చిన్నపిల్ల. గుంటూరులో ఒక ఆసుపత్రిలో నర్సు.

"మా వార్డులో ఒకావిడ చేరింది మావయ్యా. మన పక్క ఊరేనంట. బీపీ చూద్దామని 'చెయ్యి వదులుగా పెట్టమ్మా' అన్నానో లేదో, నా మొహంలోకి అదే పనిగా చూసింది. 'నువ్వు పాటలు పాడే ఆమె కూతురివి కదూ, అచ్చం అదే మాట' అంది."

"మంచిదేగా."

"ఏం మంచిది? అవునో కాదో నాకు తెలిస్తేగా. ఊళ్ళోవాళ్ళకి గుర్తుంది, కన్నకూతురికి గుర్తులేదు. అమ్మ చేత పాటలు పాడించావుగా, అవి పంపించు."

బీరువాలో మిగిలిన ఒకే ఒక్క సీడీ తీసి, అందులోని పాటలు ఫోన్లోకి ఎక్కించి పంపాను. మర్నాడు మళ్ళీ చేసింది.

"ఇందులో నీ కీబోర్డే ఉంది మావయ్యా. అమ్మ ఎక్కడో బావిలోంచి పాడినట్టుంది. మామూలుగా మాట్లాడినవి లేవా?"

ఉన్నాయి. పాడే ముందూ పాడిన తర్వాతా అక్క మాట్లాడినదంతా అసలు రికార్డింగుల్లో ఉంది. అది నాకు తెలుసు. దాంతోపాటు ఇంకేం ఉందో కూడా తెలుసు. అందుకే, "అవి పాడైపోయాయమ్మా" అని ఫోన్ పెట్టేశాను.

ఆ రోజుల్లో చిలకలూరిపేటలో, బస్టాండు ఎదురు సందులో నాకు షాపుండేది. సెల్‌ఫోన్లలో, మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించి ఇచ్చేవాణ్ణి. వెనక ఒక రేకుల గది. అందులో ఒక మైకు, ఒక కీబోర్డు, చప్పుడు మార్మోగకుండా గోడలకి గోనెపట్టాలు. దాన్ని స్టూడియో అని పిలిచేవాణ్ణి. అక్క కూలిపనికి వెళ్ళేది. పత్తి తీతలు, మిరపకాయ కోతలు, కళ్ళాల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరడం. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది. తను ఎత్తుకుంటే వెనకాల ఆడవాళ్ళంతా అందుకునేవారు. తన పాటలు తనే కట్టుకునేది. చదువు రాదు కాబట్టి అన్నీ మనసులోనే ఉండేవి.

వాటిని సీడీగా తెద్దామన్నది నేనే. అక్క మీద ప్రేమతో అని అప్పట్లో అందరికీ చెప్పాను. నిజానికి నా పేరు పక్కన 'సంగీతం' అనే మాట అచ్చులో చూసుకోవాలని నా కోరిక. సీడీ అట్ట మీద కీబోర్డు ముందు కూర్చున్న నా ఫొటో పెద్దది. ఓ మూలన తపాలా బిళ్ళంత అక్క మొహం. అక్క దాన్ని చూసి నవ్వి, "నల్లగా ఉన్నానని మూలకి తోశావేరా?" అంది. నేనూ నవ్వాను.

రికార్డింగుకి అక్క పని దిగి సరాసరి వచ్చేది. షేర్ ఆటో దిగి, చెంబు నీళ్ళతో చేతులు కడుక్కుని, మొహానికి కట్టుకున్న గుడ్డ విప్పి కూర్చునేది. ఎవడైనా మెమరీ కార్డు పట్టుకొస్తే అక్కని ఆపేసి వాడి పని చూసేవాణ్ణి. వాడికి కావలసిన సినిమా పాటలన్నీ ఎక్కేదాకా ఆమె గోనెపట్టాల మధ్య చెమటలు కక్కుతూ కూర్చునేది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విసుక్కున్నది నేనే, తను దగ్గినప్పుడు.

"మళ్ళీ దగ్గావు. మొదట్నుంచీ పాడు."

"మిరప ఘాటు రా. గొంతులో కూచుంది, దిగి చావట్లా."

"పటికబెల్లం నోట్లో వేసుకో."

అక్క కోసమని షాపులో సీసాతో పటికబెల్లం పెట్టాను. ఆమెకి నేను చేసిన వైద్యం అదొక్కటే.

మా వైపు మిరపకాయలు కళ్ళాల్లో ఎండే నెలల్లో దగ్గని మనిషి ఉండడు. బస్సులో దగ్గుతారు, చర్చిలో ప్రార్థన మధ్యలో దగ్గుతారు, పెళ్ళిపీటల మీద దగ్గుతారు. ఎవరైనా దగ్గితే ఎవరి కళ్ళానికి వెళ్ళావని అడుగుతాం గాని, ఎన్నాళ్ళనుంచి ఉందని అడగం. అక్క దగ్గుని కూడా అందరూ ఆ లెక్కలోనే వేశారు. కాకపోతే అందరికీ నాకూ ఒక తేడా ఉంది. వాళ్ళు ఆ దగ్గుని పొలంలో, పదిమంది మాటల మధ్య విన్నారు. నేను చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని విన్నాను. అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెర మీద గీతల్లో కళ్ళారా చూశాను. పాట వెంట పాటకి ఆ గీతలు దట్టమయ్యాయి. చివరి పాటలకి వచ్చేసరికి ఒక్కో చరణం దగ్గర మూడు నాలుగు చోట్ల కత్తిరించి అతకాల్సి వచ్చింది. అతుకు తెలియకుండా అతికానని స్నేహితుల ముందు గొప్పలు కూడా పోయాను.

సీడీ వచ్చాక అక్క ఎక్కువ కాలం లేదు. ఒంగోలులో డాక్టరు, "ఈ దగ్గు ఎప్పట్నుంచి ఉంది?" అని అడిగాడు. మా బావ చేతులు కట్టుకుని, "మిరపకాయల పనికెళ్ళే మనిషి కదండీ, ఉంటానే ఉంటది" అన్నాడు. నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను. ఎప్పట్నుంచి ఉందో పాటల వారీగా చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు మెదపలేదు. చెప్పినా అప్పటికి ఒరిగేదేమీ లేదని తర్వాత నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మేనకోడలికి అబద్ధం చెప్పిన తర్వాతి ఆదివారం చర్చిలో పాట ఎత్తుకున్నారు. అక్క కట్టిందే. చరణం సగంలో ఉండగానే బయటికి నడిచాను. ఇంటికొచ్చి అటకకి నిచ్చెన వేసి, దుమ్ము దులిపి, ఆ పిల్లకి ఫోన్ చేశాను. "అవి పాడవలేదమ్మా. కంప్యూటర్ పని చేస్తుందో లేదో చూడాలి. సెలవు చూసుకుని రా."

నేనిప్పుడు ఒక కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ దగ్గరే పని చేస్తున్నాను. అక్కడి ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చి, ముందు దాంట్లోనే ఆ రికార్డింగులు తెరవాలని ప్రయత్నించాను. పాత పెట్టెలోని హార్డ్ డిస్క్ ఊడదీసి తగిలిస్తే ఫైళ్ళ పేర్లన్నీ కనిపించాయి, ఒక్కటీ పాడలేదు. వాటిని చేసిన సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. ఆ పాత పెట్టెలోనే తెరవాలి. మెమరీ ముక్కలు బయటికి తీసి, వాటి ఇత్తడి రంగు పళ్ళని పిల్లలు వాడే రబ్బరుతో రుద్దాను. లోపలి బిళ్ళ బ్యాటరీ మార్చాను. ఫ్యాను తిరగదు కాబట్టి పక్క రేకు తీసేసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాను. మొదట మూలిగింది, ఆగిపోయింది. మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తే తెర వెలిగింది.

మేనకోడలు వచ్చింది. స్పీకర్లు పోయాయి, హెడ్‌ఫోన్లే గతి. ఒక చెవిది తనకిచ్చి ఒకటి నేను పెట్టుకున్నాను. పాట తెరిచాను. సగం మాట వినిపించి ఆగుతోంది, మళ్ళీ సగం మాట. పెట్టెకి ఆ బరువు లాగే శక్తి లేదు. నా కీబోర్డు, నా డ్రమ్ములు, నా వేణువు, అన్నీ వేరే వేరే వరసల్లో పరిచి ఉన్నాయి. డ్రమ్ములు ఆపాను. కాస్త నయమైంది. వేణువు ఆపాను. చివరికి కీబోర్డు కూడా ఆపేస్తే అక్క గొంతు ఒక్కటే, ఎక్కడా తెగకుండా వచ్చింది.

ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. పాట అయ్యేదాకా తెరవలేదు. తర్వాత, "మాట?" అంది.

అక్కడ ఆగిపోయినా ఎవరూ నన్నేమీ అనేవారు కాదు. కాని మాట కావాలంటే నేను కొయ్యకముందువి తెరవాలి. ఆమె మాటల్నీ దగ్గునీ ఒకే కత్తెరతో తీసేశాను గనక అవి రెండూ ఒకేచోట ఉన్నాయి. తెరిచాను.

"ఏరా, మొదలెట్టనా?" అంది అక్క.

మేనకోడలు నా చెయ్యి పట్టుకుంది. అక్క ఒక చరణం పాడింది. దగ్గింది. నేను విసుక్కున్నది కూడా వినిపించింది. పటికబెల్లం ముక్క పంటికి తగిలిన చప్పుడు. మళ్ళీ పాట, మళ్ళీ దగ్గు. ఆ దగ్గు ఎంతకీ తెమల్లేదు. నా చేతి మీద పట్టు నెమ్మదిగా సడలింది. ఆ పిల్ల మొహంలోకి చూశాను. తల్లిని వింటున్న మొహం కాదది, వార్డులో మనిషిని చూసే మొహం.

"ఇది ఎప్పటిది మావయ్యా?"

"తేదీ తెలీదమ్మా. కోతల రోజులై ఉంటాయి. మిరప ఘాటు."

"రేకు మీద వాన పడుతోందిగా."

నేను హెడ్‌ఫోన్ చెవికి నొక్కుకున్నాను. నిజమే. పాట వెనకాల రేకుల మీద వాన దబదబా కొడుతోంది. కత్తిరించేటప్పుడు ఆ వాన నాకు తెలియకుండా ఉంటుందా? ఆ చప్పుడు తగ్గించడానికి కూడా తంటాలు పడి ఉంటాను. నడివానాకాలంలో మా ఊళ్ళో ఏ కళ్ళంలోనూ ఒక్క మిరపకాయ ఉండదు.

"ఘాటు కాదు," అన్నాను. "ఈ దగ్గులన్నీ నేనే కోశాను. అప్పుడు నేను విన్నది ఇదే. విని, పాట పాడవుతోందనుకున్నాను. మీ అమ్మని ఆసుపత్రికి పంపాలని అనుకోలేదు."

తను హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. లేచి వెళ్ళి కుండలో నీళ్ళు తాగొచ్చింది. తిడుతుందేమోనని ఎదురుచూశాను. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. వచ్చి కూర్చుని, "ఇవన్నీ నాకు కావాలి. ఏదీ కొయ్యొద్దు" అంది.

ఆ పెట్టె నుంచి ఫైళ్ళు మార్చి తీయడం కుదరలేదు. మధ్యలో హ్యాంగ్ అవుతోంది. ఉన్న దారి ఒక్కటే. హెడ్‌ఫోన్ పెట్టే కన్నంలోంచి ల్యాప్‌టాప్‌కి ఒక వైరు వేసి, ఇక్కడ ఆడుతుంటే అక్కడ మళ్ళీ రికార్డు చెయ్యడం. ఎంత నిడివి ఉంటే అంతసేపూ కూర్చోవాలి, తొందరపెట్టడానికి లేదు. పెట్టె వేడెక్కి ఆగినప్పుడల్లా టేబుల్ ఫ్యాను గాలికి చల్లారేదాకా ఆగి, ఆ పాట మళ్ళీ మొదట్నుంచి. ఆ సాయంత్రం ఇద్దరం అలాగే కూర్చున్నాం. వైరు వేశాక మాకేమీ వినపడదు. ల్యాప్‌టాప్ తెర మీద గీతలు మాత్రం కదులుతుంటాయి. వాటిలో పాటేదో దగ్గేదో నాకు చూస్తేనే తెలుస్తుంది. ఆ పిల్లకి కూడా కాసేపటికి తెలిసిపోయింది.

చివరి ఫైలు అయ్యాక, గీతలు సన్నబడి నిలిచిపోయాక, తను ముందుకి వంగి అడిగింది.

"పడిందా?"

పాట రికార్డయిందా అని ప్రతి పాట చివరా అక్క అడిగేది ఆ మాటతోనే. అంతకుముందే హెడ్‌ఫోన్లో విన్నాను. అదే సాగదీత, చివర్న అదే చిన్న భయం. వార్డులో ఆవిడ చెప్పింది నిజమేనని ఆ పిల్లతో అనాలనుకున్నాను. తల ఊపాను.