పని దొరికితే వజీఫా బంద్ అన్నారు

నా పేరు ఎల్లమ్మ. అరవై ఎనిమిదేళ్లు. అమీర్‌పేటలో నేనూ, నలభై అయిదేళ్ల నా కొడుకు మల్లయ్యా ఉంటున్నాము. రాళ్ల గనిలో వాడి కాలు పోయినప్పటి నుంచి గని దొర నెలనెలా ఇచ్చే వజీఫా పైసలతోనే బతుకుతున్నాము.

పంజాగుట్ట బంగళాలో వాడికి గేటు కాపలా పని దొరికింది. కొన్నాళ్లు చూసి, పని నచ్చితేనే ఉంచుకుంటారట. ఈ రోజు ఆ సంగతి దాచకుండా దొర కచేరీలో చెప్పాము.

"పని దొరికిందంటే కాలు మంచిగైనట్టే. వజీఫా బంద్," అన్నాడు అక్కడ లెక్కలు రాసే మున్షీ.

"పని దొరికితే కాలు మొలుస్తదా, మున్షీ సాబ్? రేపు వాళ్లు వద్దంటే మమ్మల్ని నువ్వు సాకుతవా?"

"పనో వజీఫానో, తెల్లారేసరికి ఏదో ఒకటి తేల్చుకో, అవ్వా," అని లేచిపోయాడు.

పని కుదిరేదాకా వజీఫా ఆపొద్దని దొరకు నా మనవి. మల్లయ్య మాత్రం అప్పుడే కట్టెకాలి పట్టీలు బిగించి చూసుకుంటున్నాడు. వాణ్ణి పనికి పొమ్మననా, ఆపనా? చదివినవారే చెప్పండి.

ఎల్లమ్మ వేలిముద్ర.
సాక్షులు: దర్జీ యూసుఫ్, పక్కింటి రత్నమ్మ.