తాండూరులో మోగిన విశ్రాంతి గంట

వికారాబాదు నుంచి తాండూరుకు పోయి రావడం గురించి ఇంత రాయాలా అని మీకు అనిపించవచ్చు. పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రాగల దూరం అది. కానీ పందొమ్మిది వందల యాభైల చివర్లో మేం చేసిన ఆ ప్రయాణం మాకు పరీక్షే. మా అక్క అనసూయకు క్షయ వచ్చి, వికారాబాదు పక్కన కొండ మీది ఆస్పత్రిలో చేరి అప్పటికి ఏడాది దాటింది. సూదులు, మాత్రలు, పాలు, గుడ్లు, వీటన్నిటికంటే ఎక్కువగా విశ్రాంతి. అక్కడ మందు ఎంత పని చేస్తుందో మంచం కూడా అంత పని చేస్తుందని అందరూ నమ్మేవారు. ఆ చలికాలం మొదట్లో అక్కను మళ్ళీ మళ్ళీ పరీక్షించారు, రోగం జాడ దొరకలేదు. డాక్టరుగారు సంతోషించారు గాని వెంటనే ఇంటికి పంపలేదు.

"ఒక్క రోజు బయటికి పోయి రా అమ్మా. రైల్ల కూసో, బయటి తిండి తిను, నలుగురితోని మాట్లాడు. వచ్చినంక వారం రోజులు జ్వరం చూస్త. రాకుంటే నీ బట్టలు సర్దుకో" అన్నారాయన. అక్క అత్తగారిల్లు తాండూరు. మూడేళ్ళు దాటిన అక్క కూతురు లచ్చి అక్కడే నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. పిల్లను దగ్గరికి తీసుకోవచ్చా అని అక్క భయపడుతూ అడిగితే, ఇప్పుడిక ఏ భయమూ లేదని ఆయన గట్టిగా చెప్పారు. ఇక ఎక్కడికి పోవాలన్న ఆలోచనే లేదు.

తోడు నేను. వికారాబాదు బడిలో కొత్తగా చేరిన పంతులును, పెళ్ళి కాలేదు, బాధ్యతలు తక్కువ, ప్రతిదీ అడిగి తెలుసుకోవాలన్న దురద ఎక్కువ. ప్రయాణంలో మనిషి ఎందుకు జబ్బు పడతాడని వారం రోజులు కనిపించిన వాళ్ళనల్లా అడిగాను. ఒకరు నీళ్ళన్నారు, ఒకరు దుమ్మన్నారు, ఒకరు నిద్ర చాలకపోవడమన్నారు. ఆస్పత్రి వంటాయన మాత్రం, "కొత్త ఊర్ల దిగంగనే ఆ ఊరి ఉల్లిగడ్డ కొరకాలె సారూ, అప్పుడు ఆ నీళ్ళు పడ్తయి" అన్నాడు. ఇది డాక్టరుగారికి చెబితే నవ్వి, కాచిన నీళ్ళు తీసుకుపొమ్మన్నారు. నేను రెండూ పాటించదలచుకున్నాను. మరచెంబు నిండా కాచి చల్లార్చిన నీళ్ళు, ఒక దిండు, రెండు దుప్పట్లు, ఉడకబెట్టిన గుడ్లు కట్టుకుని దీపావళి దాటిన ఒక ఆదివారం తెల్లవారుతుండగా కొండ దిగాం.

స్టేషనుకు టాంగాలో ముప్పావు గంట పడుతుంది. దారి పొడుగునా వాలే కాబట్టి బండి కుదుపు ఎక్కువ. "జర మెల్లగ పోనియ్యి తాతా, పేషెంటు ఉన్నది" అని నాలుగైదు సార్లు అన్నాను. టాంగా తాత వెనక్కి తిరిగి ఇద్దర్నీ చూశాడు. "పేషెంటు ఎవలు? గా అమ్మ నవ్వుకుంట కూసున్నది. నువ్వే పరేషాన్ ఉన్నవ్." అక్క కొంగు అడ్డం పెట్టుకుని స్టేషను దాకా నవ్వుతూనే ఉంది. నాకు కొంచెం కోపం వచ్చిన మాట నిజం.

మూడో తరగతి టికెట్టు మనిషికి రూపాయి లోపే. బొగ్గింజను రోజులు కదా, ముందు పెట్టెల్లో కూర్చుంటే దిగేసరికి ముఖమంతా మసి. అందుకని చివరి పెట్టె వెతికి, ఇంజనుకు వీపు చేసి కూర్చోబెట్టాను. అలా కూర్చుంటే కంట్లో నలుసు పడదు, గాలి మాత్రం తగులుతుంది. బండి ధారూరులో ఆగినప్పుడు గంపలో సీతాఫలాలు అమ్మే ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. తొక్క తీసి తినే పండే కదా అని తీసుకున్నాను. అక్క గింజలు ఊస్తూ తింటుంటే, ఏడాదిగా ఆస్పత్రి గిన్నెలో తిండి తిన్న మనిషి ఇదేనా అనిపించింది. కానీ తాండూరు దగ్గర పడేకొద్దీ మాట తగ్గిపోయింది. "లచ్చి నన్ను గుర్తు పడ్తదారా?" అని ఒకసారి అడిగింది. నేను పడుతుందన్నాను. మరేం అంటాను?

తాండూరు మొదటిసారి చూసేవారికి రాళ్ళే ముందు కనబడతాయి. అరుగులు, గోడలు, గడపలు, చివరికి వంటింట్లో గూళ్ళు కూడా పలచటి నాపరాళ్ళతోనే. బావ పనిచేసేది కూడా ఆ రాళ్ళ గనిలోనే. ఆదివారమైనా ఆ రోజు సెలవు దొరకలేదు, సాయంత్రం రైలు దగ్గరికి వస్తానని కబురు చెప్పి పోయాడు. ఇంటి ముందు టాంగా దిగేసరికి అత్తమ్మ, అంటే అక్క అత్తగారు, చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడింది. ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని లచ్చి. అక్క రెండు చేతులూ చాచింది. పిల్ల నాయనమ్మ వెనక్కి పోయింది.

"ఎవలే అవ్వా గామె?"

"మీ అమ్మ గదనే."

"కాదు. మా అమ్మ ఆస్పత్రిల ఉన్నది" అంది లచ్చి, నాయనమ్మకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

అక్క చాచిన చేతులు దించుకుని, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చింది. నేను గబగబా ఉల్లిగడ్డ అడిగి ఇద్దరికీ చెరో ముక్క కోశాను. అక్క తన ముక్క నమిలింది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి, ఆ ఘాటుకేనని అందరం అనుకున్నట్టు ఊరుకున్నాం.

మధ్యాహ్నానికి జొన్నరొట్టె, తాండూరు కందిపప్పు, కోడికూర. అత్తమ్మ పెట్టే తీరుకు అడ్డుపడటం నా వల్ల కాలేదు. నాలుగో రొట్టె దగ్గర "ఇగ చాలు అత్తమ్మా, ఆమెకు అరగదు" అంటే, "ఏడాది నుంచి ఆకలి మీద ఉన్న పిల్లకు గంతేనా?" అని నన్నే కసిరింది. ప్రేమే, కాదనను. కానీ అన్నం దగ్గర్నుంచి లేచాక ఆమె తడి చేయి తుడుచుకుంటూ అక్క ఎదురుగా కూర్చుంది. పొద్దున్నుంచి ఆమె లోపల ఏదో నలుగుతోందని నాకు అప్పుడు తెలిసింది.

"అన్సూయా, ఉన్నది ఉన్నట్టు చెప్పు. నిజంగనే నయమైందా? పిల్లను నీ పక్కల పండవెడితె ఏం గాదా? నా కొడుకు ఏం గాదంటడు, ఇరుగుపొరుగు వద్దంటరు. నాకు నీ నోటితోని వినాలె."

"డాక్టరు సాబ్ చెప్పిండు అత్తా, లచ్చిని దగ్గరికి తీస్తె..." అని అక్క మొదలుపెట్టింది.

అప్పుడే పక్క వీధిలోని రాళ్ళ అడ్డా దగ్గర గంట మోగింది. తిండికి పోయిన కూలీలను పనికి పిలిచే గంట అది. వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద సుత్తితో కొడతారు. కొండ మీద ఆస్పత్రిలోనూ అచ్చం అలాంటి పట్టా ముక్కే ఉండేది. రెండింటికి అది మోగితే రోగులంతా ఎక్కడి మాట అక్కడ ఆపి, కళ్ళు మూసుకుని పడుకోవాలి. నాలుగింటి దాకా మాట లేదు, చదువు లేదు, అటూ ఇటూ పొర్లడం కూడా లేదు. ఏడాదిగా ఒంటికి పట్టిన అలవాటు. అక్క మాట సగంలోనే ఆగిపోయింది. పరిచి ఉన్న దుప్పటి మీద వాలి కళ్ళు మూసుకుంది.

అత్తమ్మ కాసేపు చూసింది. జవాబు రాలేదు. రాని జవాబుకు ఆమె ఒకటే అర్థం చెప్పుకుంది. లచ్చి చేయి పట్టుకుని లోపలి గదిలోకి నడిచింది.

నేను వెంటపడ్డాను. గది గుమ్మంలో నిలబడి విశ్రాంతి గంట సంగతి, నియమం సంగతి గుసగుసగా చెప్పాను. అక్క పడుకున్న చోటి నుంచే, నువ్వే చెప్పు అన్నట్టు నాకు చెయ్యి ఊపింది గాని నోరు విప్పలేదు. వారం తర్వాత ఈ ఇంటికి రావాలంటే ఈ రెండు గంటలూ తప్పకూడదని ఆమెకు పట్టుదల. అత్తమ్మ నా మాట విని తల ఊపింది. "నువ్వు ఆమె తమ్మునివి. మంచిగనే చెప్తవు. నాకు ఆమె నోటితోని వినాలె అన్న గద" అంది. నాకు దిగులు వేసింది. ఉల్లిగడ్డలూ మరచెంబులూ ఇన్ని ఆలోచించినవాడిని, ఈ గంట సంగతి తిండికి ముందే చెప్పాలని తోచలేదు.

ఇల్లు సద్దుమణిగింది. నేను గడప దగ్గర కూర్చున్నాను. కొంతసేపటికి లచ్చి లోపలి నుంచి ఒక్కతే వచ్చింది. పొద్దున చేతులు చాచి మీదికి వచ్చిన మనిషి ఇప్పుడు కదలకుండా ఉంది కదా, పిల్లకు భయం పోయినట్టుంది. దగ్గరగా కూర్చుని అక్క ముఖంలోకి వంగి చూసింది. ముక్కు పుడక ముట్టుకుంది. గాజులు ఒక్కొక్కటే లెక్కపెట్టబోయి, మూడు తర్వాత ఏదో తెలియక మళ్ళీ మొదలుపెట్టింది. చివరికి అక్క పక్కన ఒరిగి, చెయ్యి ఆమె మెడ మీద వేసి నిద్రపోయింది.

పిల్లను వెతుక్కుంటూ అత్తమ్మ వచ్చింది. రెండడుగులు వేసి, వంగి, పిల్లను ఎత్తుకోబోయి ఆగింది. ఎంతసేపు అలా నిలబడిందో చెప్పలేను. తర్వాత లోపలికి పోయి కొత్త గొంగడి తెచ్చి ఇద్దరి మీదా కప్పింది. "బండ సల్లగున్నది" అంది నాతో, నేనేదో అడిగినట్టు.

నాలుగింటికి అక్క కళ్ళు తెరిచి, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే అందుకుంది. "...ఏం గాదన్నడు అత్తా."

"ఆ ముచ్చట ఎప్పుడో అయిపోయింది. లే, చాయ్ తాగు" అంది అత్తమ్మ.

సాయంత్రం బావ స్టేషనుకు వచ్చి, మాకు కిటికీ పక్కన చోటు పట్టి ఇచ్చాడు. బండి కదిలాక, బాగా నిద్ర పట్టిందా అని అక్కను అడిగాను. "నిద్ర ఎక్కడిదిరా. దాని చెయ్యి నా మెడ మీద పడ్డది. కదిలితె లేచి పోతదని ఊపిరి గూడ మెల్లగ తీసిన. డాక్టరు సాబ్‌కు చెప్పకు." ఆ రాత్రి జ్వరం చూస్తే పాదరసం గీత దాటలేదు. ఆ వారమంతా దాటలేదు. ఆ తర్వాతి ఆదివారం అక్క బట్టల మూట నేనే మోసుకుంటూ కొండ దిగాను, టాంగా తాత ఈసారి ఎవరు పేషెంటని అడగలేదు.

ప్రయాణంలో ఆరోగ్యం అంటే నీళ్ళూ తిండీ అనే నేను చాలాకాలం అనుకున్నాను. అవీ ముఖ్యమే, ఉల్లిగడ్డను ఇప్పటికీ వదల్లేదు. కానీ పరాయి ఊళ్ళో ఒళ్ళు వాల్చాలంటే పక్క ఒక్కటే చాలదు, ఆ ఇంటివాళ్ళ మనసు కూడా కుదుటపడి ఉండాలి. ఆ రోజు అక్కకు నిద్ర లేదు, అయినా జ్వరం రాలేదు. ఎందుకు రాలేదని డాక్టరుగారిని అడగాలని నాకు ఎంతో ఉండేది గాని, అక్కకు మాట ఇచ్చాను. ఇక ఒక్క సలహా. జబ్బు నుంచి లేచిన మనిషిని తీసుకుని ఏ ఇంటికి పోయినా, ఈమె ఇన్ని గంటలకు పడుకుంటుంది, అప్పుడు పలకదు అని చెప్పులు విడిచేటప్పుడే చెప్పేయండి. విస్తరి ముందు కూర్చున్నాక చెప్పే వీలుండదు.