ఇచ్చినవాళ్ళ పేరు

మా పక్కింటి బాబాయిగారు పోయారన్న కబురు వచ్చేటప్పటికి నేను ఐస్ రింక్‌లో, స్కోరు రాసే బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. ఆదివారం మధ్యాహ్నం ఐస్ హాకీ ఆట. ఆయన కూతురు ఫోన్ చేసి, "అక్కా, నాన్న భోంచేసి పడుకున్నారు, మళ్ళీ లేవలేదక్కా" అంది. అద్దానికి అవతల కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు గోడకేసి గుద్దుకుంటున్నారు. ఆ పూట నేను రెండు గోల్స్ రాయడం మర్చిపోయాను. ఎవరూ నన్నేమీ అనలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. తెనాలిలో నలభై ఏళ్ళు స్టీలు సామాన్ల కొట్టు నడిపి, భార్య పోయాక అమెరికాకి, ఈ మోరిస్‌విల్‌లో కూతురి దగ్గరికి వచ్చేశారు. వాళ్ళ గరాజ్‌కీ మా గరాజ్‌కీ మధ్య నాలుగు గజాల గడ్డి. ఇక నేను రింక్‌లో ఎలా తేలానంటే, మా అమ్మాయి చిన్నప్పుడు స్కేటింగ్ నేర్చుకుంటానని పేచీ పెట్టింది. దించడానికి వెళ్ళిన నన్ను ఊరికే కూర్చున్నానని స్కోరు రాయమన్నారు. అది కాలేజీకి వెళ్ళిపోయింది, స్కేట్లు మానేసింది. నేను మాత్రం అక్కడే మిగిలిపోయాను. మా ఆయన ఈ సంగతి ఫ్రెండ్స్‌కి ఇప్పటికీ సరిగ్గా చెప్పలేడు.

మా రింక్‌లో ఆడేది టీవీలో కనిపించే హాకీ కాదు, దానికి చాలా మెట్ల కిందది. ఆరు ఊళ్ళు, ఆరు జట్లు. మా కెప్టెన్ పగలు స్కూల్ బస్సు నడుపుతాడు. ఈ ఆరు జట్లూ ఏడాదికోసారి ఒక కప్పు కోసం మూతులు పగలగొట్టుకుంటాయి. గెలిచినవాళ్ళు దాన్ని ఏడాదిపాటు తమ రింక్‌లో పెట్టుకుంటారు.

బాబాయిగారు మొదటిసారి నాతో వచ్చిన రోజు ఆయన ఆట వైపే చూడలేదు. అద్దాల బీరువాలో ఉన్న ఆ కప్పు ముందు నిలబడిపోయారు. చేతులు వెనక్కి పెట్టుకుని చుట్టూ తిరిగి చూసి, "ఇది కప్పు కాదమ్మాయ్. గంగాళం. కింద పీఠం తగిలించారు" అన్నారు.

నేను నవ్వాను. రింక్ మేనేజర్‌ని అడిగితే ఆయన నవ్వలేదు. నిజమేనట. లీగ్ పెట్టిన కొత్తలో కప్పు చేయించే స్తోమత లేక, ఏదో హోటల్ మూతపడుతుంటే అక్కడ పళ్ళరసం కలిపే పెద్ద పాత్ర తెచ్చి చెక్క పీఠం మీద బిగించారట. పేర్లు వేయడానికి చోటు చాలక కింద ఒక్కో పట్టీ చేర్చుకుంటూ పోయారు. మా రింక్‌లో ఎవరికీ పట్టని ఆ సంగతి తెనాలి మనిషి బీరువా తలుపైనా తీయకుండా కనిపెట్టాడు. ఆ రోజు నుంచి బీరువా తాళం చెవి ఆయన చేతికే ఇచ్చేవాళ్ళు.

ఆ కప్పు చరిత్ర ఎక్కడా రాసిలేదు. దాన్ని పోగుచేసింది ఆయనే. బొటనవేలితో తడిమి, "ఇది పడ్డ సొట్ట. ఇది కొట్టిన సొట్ట. రెండూ ఒకటి కావు" అనేవారు. ఆట చూడటానికి పాత ఆటగాళ్ళెవరైనా వస్తే సరాసరి వాళ్ళ దగ్గరికి వెళ్ళి, "సార్, దిస్ సొట్ట, హూ?" అని అడిగేవారు. వాళ్ళకి అర్థమయ్యేది. ఒకాయన బస్సు టాపు మీంచి జారిపడిందని చెప్పాడు. ఇంకొకాయన, ఎనభై దాటిన పాత గోల్‌కీపర్, నడుమ లీగ్ మూతపడిన కాలంలో అది తన షెడ్డులో ఉండేదనీ, తన కుక్క అందులోనే నీళ్ళు తాగేదనీ ముసిముసిగా నవ్వుతూ చెప్పాడు. బాబాయిగారు నవ్వలేదు. మర్నాడు కూతురి దేవుడి గూట్లోంచి విభూతి పొట్లం తెచ్చి, మధ్యాహ్నమంతా కూర్చుని దాన్ని తోమారు. "చింతపండు పెట్టచ్చుగా బాబాయిగారూ" అన్నాను తెలిసినట్టు. "పైది వెండి పూత. చింతపండు పెడితే ఇత్తడి బయటపడుద్ది. ఆమాత్రం తెలీకుండా కాపరం ఎట్లా చేస్తన్నావే" అన్నారు.

ఆట జరుగుతున్నంతసేపూ నా వెనక వరసలో కూర్చుని, జేబులోంచి వేయించిన శనగలు ఒక్కొక్కటే తీసి నములుతూ ఉండేవారు. ఎవరు వెనకబడితే వాళ్ళ పక్షం. మా జట్టు మూడు గోల్స్ ముందుందంటే ఆయన అవతలివాళ్ళకి చప్పట్లు కొట్టేవారు. మనవాళ్ళు వీళ్ళండీ అంటే, "వీళ్ళకి నువ్వున్నావుగా" అనేవారు.

ఇప్పుడు నేను చేసిన ఒక పని చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

మీ వంటింట్లో స్టీలు బిందెనో, టిఫిన్ డబ్బానో ఒకసారి తిప్పి చూడండి. మీ పేరు ఉండకపోవచ్చు. మీ పెళ్ళికి దాన్ని చదివించిన పిన్నిగారి పేరో, మీ నాన్నగారి ఆఫీసు స్నేహితుల పేరో చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంటుంది. పెళ్ళిళ్ళ రోజుల్లో బాబాయిగారి కొట్టులో రోజంతా అదే పని. సన్నటి ఉలి, చిన్న సుత్తి, పీట మీద ఆయన. మిషన్లు వచ్చాక కూడా ఆయన చేత్తోనే కొట్టేవారు.

ఒక ఏడాది మా జట్టు గెలిచింది. కప్పు మీద ఎప్పుడూ పేర్లు చెక్కే షాపాయన పని మానేసి ఫ్లోరిడా వెళ్ళిపోయాడు. మేనేజర్ తల పట్టుకుంటే నేనే గొప్పగా, మా బాబాయిగారు ఉన్నారుగా అన్నాను. ఒక చీటీ మీద రెండు జట్ల పేర్లూ స్కోరూ రాసిచ్చి, "శనివారం ఫంక్షన్‌లో మనవాళ్ళకి కప్పు ఇస్తున్నారు బాబాయిగారూ, ఈలోగా పేరు కొట్టేయండి" అని చెప్పి ఆఫీస్ కాల్‌కి పరిగెత్తాను. ఎవరి పేరో నేను చెప్పలేదు. ఆయన అడగలేదు. అది అడగాల్సిన సంగతని మా ఇద్దరికీ తోచలేదు.

శనివారం రింక్ నిండా జనం. మా కెప్టెన్ కప్పు ఎత్తి, తిప్పి, కొత్తగా కొట్టిన పేరు పైకి చదివాడు. అది ఓడిపోయిన జట్టు పేరు. మా పేరు ఎక్కడా లేదు. ఎవరో కిసుక్కుమన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ ఆయన మీదికి వెళ్ళి, "ఇదేం పని బాబాయిగారూ? ఓడిపోయినవాళ్ళ పేరు కొట్టారేంటి? ఆమాత్రం తెలీదా మీకు? నా పరువంతా తీశారు" అని అరిచాను. అక్కడ తెలుగు ఎవరికీ రాదు. కానీ అరుపు అందరికీ తెలిసింది.

ఆయన చేతిలో ఉన్న శనగలు మళ్ళీ జేబులో వేసుకున్నారు.

"సొంతంగా కొనుక్కున్న గిన్నె మీద సొంతవాళ్ళ పేరు కొడతాం. ఒకళ్ళిచ్చిన గిన్నె మీద ఇచ్చినవాళ్ళ పేరు కొడతాం. వీళ్ళు కొనుక్కున్నారా దీన్ని?"

"లేదు. గెలుచుకున్నారు."

"ఎవరి దగ్గర?"

నేను జట్టు పేరు చెప్పాను.

"నేను కొట్టిందదేగా" అన్నారు.

కొట్టిన పేరు చెరపడానికి లేదు. మర్నాడు ఆయన కప్పు గరాజ్‌కి తెచ్చుకుని, ఆ పేరుకి పైన మా జట్టు పేరు పెద్దక్షరాల్లో కొట్టి, రెంటికీ మధ్య 'ఫ్రమ్' అని ఇంగ్లీషులో చేర్చారు. ఫలానా జట్టుకి, ఫలానా జట్టు నుంచి. లీగ్ వాళ్ళు ఏమంటారోనని మేనేజర్ వారంపాటు హడలిపోయాడు. లీగ్ వాళ్ళేమీ అనలేదు. వచ్చింది ఓడిపోయిన జట్టు. అయిదుగురు కుర్రాళ్ళు రెండు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చి, బీరువా తీయించి, ఆ పేరుని ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. వాళ్ళ జట్టు పేరు ఆ కప్పు మీద పడటం అదే మొదటిసారట. మరుసటి ఏడు గెలిచిన ఊరివాళ్ళు కప్పుతో పాటు ఒక చీటీ పంపారు, ఇచ్చినవాళ్ళ పేరు కూడా వేయమని. అలా అది ఆనవాయితీ అయి కూర్చుంది. పొరపాటు అన్న మాట ఎవరి నోటా రాలేదు.

నేను ఆయనకి సారీ చెప్పలేదు. చెబుదామని ఒకసారి కారులో మొదలుపెడితే, "నువ్వరిచినప్పుడు నాకు సగం వినపళ్ళేదులే" అన్నారు. ఆయన చెవులు శుభ్రంగా పనిచేసేవి. నాకూ తెలుసు.

కిందటి చలికాలం, "నీకు నేర్పుతా, కూర్చో" అని నన్ను గరాజ్‌లో పీట మీద కూర్చోబెట్టారు. అల్యూమినియం పళ్ళేల మీద నా పేరు నాచేతే కొట్టించారు. నా చుక్కలు చీమల్లా ఎటుపడితే అటు పోయేవి. "తొందరేంటి, పేరు ఎక్కడికీ పారిపోదు" అనేవారు. ఆఫీస్ పని ఉందని నాలుగు రోజులకే మానేశాను. ఆ నాలుగు రోజులూ నలభై చేసుకుని ఉంటే ఎంత బాగుండేదో ఇప్పుడనిపిస్తోంది. ఆయన దగ్గర ఇంకా చాలాసేపు కూర్చోవాల్సింది.

ఆయన పోయిన మూడు వారాలకి లీగ్ నుంచి ఈమెయిల్ వచ్చింది. పాత మనిషి లేరు కాబట్టి ఇకనుంచి పేర్లు ఒక కంపెనీ మిషన్ మీద వేస్తుంది. అన్ని కప్పుల మీదా ఉన్నట్టే గెలిచిన జట్టు పేరు మాత్రమే ఉంటుంది. మర్యాదగానే రాశారు, ఆయన సేవలకి థ్యాంక్స్ కూడా చెప్పారు. నేను మూడుసార్లు జవాబు రాశాను. మొదటిది మరీ కోపంగా ఉందని పంపలేదు. పంపిన రెంటికీ జవాబు రాలేదు. ఒకప్పుడు ఇచ్చినవాళ్ళ పేరున్న ఆ వరస చూసి నిండు సభలో గొంతు చించుకున్నదాన్ని, ఇప్పుడు అదే వరస పోతుందేమోనని తిండి సయించకుండా తిరిగాను. ఆ వరస పోతే, ఈ దేశంలో ఆయన చేసిన పని అక్కడితో ఆగిపోతుంది. నాకు ఉన్న దిగులంతా అదే.

ఇప్పటికీ రింక్‌కి వెళ్ళేటప్పుడు వాళ్ళ గరాజ్ ముందు, ఆయన్ని ఎక్కించుకునే చోట, కారు స్లో చేస్తాను. ఎవరూ రారు. అయినా కాలు బ్రేక్ మీదికే పోతుంది.

ఫైనల్ మా రింక్‌లోనే జరిగింది. ఆయన కూతురు వారం ముందు ఉలి, సుత్తి ఉన్న డబ్బా నా చేతిలో పెట్టి, "నాకెందుకక్కా ఇవి, నువ్వుంచుకో" అంది. ఎందుకు తీసుకెళ్ళానో తెలియదు గానీ, ఆ రోజు దాన్ని స్కోరు బల్ల కింద పెట్టుకున్నాను.

మా జట్టు ఒక్క గోల్ తేడాతో ఓడిపోయింది. కప్పు అవతలి ఊరివాళ్ళ బస్సెక్కాలి. టై కట్టుకున్న లీగ్ మనిషి దాన్ని వాళ్ళ కెప్టెన్ చేతికిచ్చి, పై వారం కంపెనీ వాళ్ళు వచ్చి పేరు వేస్తారని చెప్పాడు. వాళ్ళు మంచు మీద ఒక చుట్టు తిరిగి, ఫోటోలు దిగారు. నేను స్కోరు కాగితాలు సర్దుకుంటున్నాను. తలెత్తి చూడబుద్ధి కాలేదు.

బల్ల మీద ఎవరో తట్టారు. మా కెప్టెన్. గడ్డానికి నెత్తురు, కళ్ళు ఎర్రగా.

"మేడమ్, మా పేరు ఎప్పుడు వేస్తారు?" అని అడిగాడు ఇంగ్లీషులో.

ఇక వేయరట అని చెప్పాను. అతను గిర్రున తిరిగి స్కేట్ చేసుకుంటూ గెలిచినవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. గెలిచిన జట్టు కెప్టెన్ తన చంకలో ఉన్న కప్పు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "రెండేళ్ళ కింద మేం ఓడిపోయినప్పుడు మా పేరు వేశారు. వీళ్ళ పేరు పడకుండా నేను దీన్ని బస్సెక్కించను" అన్నాడు. లీగ్ మనిషి వాచీ చూసుకున్నాడు. ఇరవై మంది నెత్తురు మూతుల కుర్రాళ్ళు తనవంకే చూస్తుంటే, కారు తెచ్చుకుంటానని చెప్పి బయటికి వెళ్ళిపోయాడు.

నేను డబ్బా తెరిచాను. ముందు గెలిచినవాళ్ళ పేరు కొట్టాను. వంకరగానే వచ్చింది. 'ఫ్రమ్' కొట్టాను. ఏడుపొస్తోంది, చుక్క ఎక్కడ పడుతోందో కనపడటం లేదు. కప్పు బల్ల మీద ఒకటే దొర్లిపోతోంది. మా కెప్టెన్ చేతి తొడుగులు తీసేసి, బల్ల పక్కన బెంచీ మీద కూర్చుని, కప్పుని ఒళ్ళోకి తీసుకున్నాడు. రెండు మోకాళ్ళ మధ్యా బిగించి పట్టుకుని, "ఇప్పుడు కొట్టండి" అన్నాడు. మా జట్టు పేరు ఒక్కో అక్షరం అతని కళ్ళ ముందే కొట్టాను. గెలిచినవాళ్ళు హెల్మెట్లు చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

ఆఖరి చుక్క పడింది. నేను సుత్తి కింద పెట్టాను. అతను కప్పు వదల్లేదు. తల వంచుకుని, రెండు చేతులూ దాని చుట్టూ వేసుకుని అలాగే కూర్చున్నాడు. బయట బస్సు ఇంజన్ ఆన్ చేశారు. ఇవ్వమని అతన్ని ఎవరూ అడగలేదు.